75 మాటల ప్రశ్న వెనక

కాలిఫోర్నియాలో పోలింగ్ తేదీకి దాదాపు నెల రోజుల ముందే బ్యాలెట్ ఇంటికి వచ్చేస్తుంది. నమోదైన ఓటర్లందరికీ తపాలాలో పంపాలని 2021లో అక్కడ చట్టం చేశారు. కవరు చింపితే మడతలు పెట్టిన పొడవాటి కాగితాలు బయటపడతాయి, రెండు వైపులా అచ్చుతో. మొదట అందరికీ తెలిసిన పదవులు ఉంటాయి: అధ్యక్షుడు, సెనేటర్, ప్రతినిధుల సభ సభ్యుడు. వాటి దగ్గర గుర్తు పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. కాగితం తిప్పాకే అసలు పరీక్ష. స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్నవారిలో ఒక్కరి పేరూ విన్నది కాదు. నీటి సరఫరా జిల్లాకు డైరెక్టరును ఎన్నుకోవాలి, సుపీరియర్ కోర్టుకు జడ్జిని ఎన్నుకోవాలి. ఆపైన ప్రొపొజిషన్లు, అంటే ఫలానా చట్టం ఉండాలా వద్దా అని ఓటర్లనే నేరుగా అడిగే ప్రతిపాదనలు. 2024 నవంబరులో రాష్ట్రం మొత్తానికి సంబంధించినవే 10 ఉన్నాయి. అవి అయ్యాక ఊరికీ, మన జిల్లా లాంటి కౌంటీకీ, ఒక ప్రాంతం బడులను నడిపే స్కూలు జిల్లాకూ పరిమితమైన ఇలాంటి ప్రతిపాదనలే మెజర్లన్న పేరుతో వస్తాయి. వాటికి ఇంగ్లీషు అక్షరాలే పేర్లు.

గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో వెళ్లి స్థిరపడి, పౌరసత్వ ప్రమాణం చేసి, మొదటిసారి ఈ కవరు అందుకున్న తెలుగు కుటుంబానికి ఇదంతా కొత్త. ఇక్కడ పెరిగినవారికి ఓటంటే మనిషికి వేసేది, పార్టీకి వేసేది, గుర్తు చూసి వేసేది. ఫలానా చట్టం ఉండాలా వద్దా, ఫలానా పన్ను కడతారా లేదా అని ఏ ఎన్నికల్లోనూ ఎవరూ అడగలేదు. చట్టాన్ని నేరుగా ప్రజల ఓటుకు పెట్టే ఏర్పాటు భారత రాజ్యాంగంలో లేదు.

ఈ తేడా ఎంత పెద్దదో తెలియాలంటే మన సారా ఉద్యమాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఆ నిప్పు ఊరూరా పాకింది, వేలంపాటలను అడ్డుకునే దాకా వెళ్లింది. 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 చివర్లో గెలిచిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్య నిషేధం తెచ్చింది. రెండేళ్లు తిరిగాక, 1997లో, ఆ నిషేధాన్ని ప్రభుత్వమే సడలించింది. ఇంత పోరాటం చేసిన మహిళల చేతిలో చట్టం రాసే అధికారం ఏనాడూ లేదు. ఒత్తిడి తేవడం వరకే వాళ్ల వంతు, కలం మాత్రం ప్రభుత్వానిది. అదే కాలిఫోర్నియాలో అయితే చట్టం ముసాయిదాను వాళ్లే రాసుకుని, సంతకాలు సేకరించి బ్యాలెట్ మీదికి ఎక్కించవచ్చు. ఓటర్లు ఒప్పుకుంటే అది చట్టమైపోతుంది. అలా ఓటర్లు చేసిన చట్టాన్ని, అందులోనే వెసులుబాటు రాసి ఉంటే తప్ప, శాసనసభ తనంతట తాను మార్చలేదు. మళ్లీ ఓటర్ల దగ్గరికే రావాలి. మామూలు ఎన్నికల్లో తప్పుడు మనిషిని గెలిపిస్తే నాలుగేళ్లకో అయిదేళ్లకో దిద్దుకోవచ్చు. చదవకుండా ఒప్పుకున్న చట్టం మాత్రం తరాల పాటు ఉండిపోవచ్చు. ప్రశ్నను ఓపికగా చదవాల్సింది అందుకే.

ఈ అధికారం అక్కడి ప్రజలకు 1911లో వచ్చింది. అప్పట్లో సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ శాసనసభను తన గుప్పిట్లో పెట్టుకుందన్న కోపం రాష్ట్రమంతా ఉండేది. ఆ కంపెనీ పట్టు విడిపిస్తానని ప్రచారం చేసి గవర్నరైన హైరమ్ జాన్సన్ ఈ సంస్కరణలను ముందుకు తెచ్చాడు. ప్రజలే చట్టం ప్రతిపాదించడం, శాసనసభ చేసిన చట్టాన్ని ఓటుతో కొట్టివేయడం, ఎన్నికైనవారిని మధ్యలోనే వెనక్కి పిలవడం, ఈ మూడూ ఆ ఏడాది అక్టోబరు 10న ఓటర్ల ఆమోదం పొందాయి. మహిళలకు ఓటు హక్కు కూడా అదే రోజు వచ్చింది. ధనబలానికి విరుగుడుగా పుట్టిన ఈ మార్గంలోనే ఇప్పుడు ధనబలం దర్జాగా నడుస్తోంది. సాధారణ చట్టాన్ని ప్రతిపాదించాలంటే గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం మంది సంతకాలు కావాలి, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం. 2022 ఎన్నిక లెక్కన చూస్తే అవి 5,46,651, 8,74,641. గడువు 180 రోజులు. సంతకానికి ఇంత అని చెల్లించే స్తోమత ఉన్నవారికి ఇది సులువు. సంత దగ్గరో, సూపర్ మార్కెట్ గుమ్మంలోనో అట్ట పట్టుకుని నిలబడి సంతకం అడిగే మనిషి చాలాసార్లు ఆ ప్రతిపాదన మీద అభిమానంతో నిలబడ్డ కార్యకర్త అయి ఉండడు. అది అతని కూలి పని. ఆ మనిషిని తప్పుపట్టాల్సిన పని లేదు. అతనికి కూలి ఇస్తున్నది ఎవరన్నదే ఓటరు అడగాల్సింది.

ఇక ప్రశ్న దగ్గరికి వద్దాం. బ్యాలెట్ మీద ఒక్కో ప్రతిపాదనకు దక్కే చోటు 75 మాటలు. దాని వెనక ఉన్న అసలు చట్టం పది పేజీలు ఉండవచ్చు, యాభై పేజీలు ఉండవచ్చు. రాష్ట్ర స్థాయి ప్రొపొజిషన్లకు శీర్షిక, సారాంశం రాసేది రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్. ఆ పదవిలో ఉండేది ఎన్నికైన పార్టీ నాయకుడే కాబట్టి, శీర్షికలో ఒక మాట అటూ ఇటూ అయిందని కోర్టుకెక్కడం అక్కడ మామూలే. స్థానిక మెజర్ల పరిస్థితి మరీ సున్నితం. పన్ను అడుగుతున్న నగర పాలక సంస్థో, స్కూల్ బోర్డో తన ప్రశ్నను చాలావరకు తానే రాసుకుంటుంది. అందుకే ఆ ప్రశ్నల్లో ‘పైకప్పుల కారడం ఆపడానికి’, ‘పిల్లల భద్రత కోసం’, ‘మంచి ఉపాధ్యాయులను నిలుపుకోవడానికి’ వంటి తీపి మాటలు ముందుంటాయి. ఎంత పన్ను, ఎన్నాళ్లు అన్న సంగతి చివర్లో ఉంటుంది. అవి అబద్ధాలని కాదు, పైకప్పులు నిజంగానే కారుతూ ఉండవచ్చు. కానీ అడిగేవాడే ప్రశ్న రాసినప్పుడు చదివేవాడు చివరి నుంచి మొదటికి చదవడం మంచిది: ముందు డబ్బు, తర్వాత గడువు, ఆఖరున కారణాలు.

టెక్సాస్‌లో దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నియమం ఉంది. 2019లో చేసిన చట్టం ప్రకారం స్కూలు బాండ్ల, అంటే బడుల కోసం చేసే అప్పుల, ప్రశ్న మీద ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అన్న వాక్యం పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. పాత అప్పు తీరిపోయి పన్ను రేటు పెరగని సందర్భంలో కూడా ఆ వాక్యం తప్పదు. ఒక రాష్ట్రంలో ప్రశ్న తియ్యగా పలకరిస్తుంది, మరో రాష్ట్రంలో బెదిరిస్తుంది. డాలస్ శివార్లలో ఉన్న తెలుగు ఓటరైనా, శాన్‌హోజేలో ఉన్న తెలుగు ఓటరైనా ఆ స్వరానికి లోబడకుండా అంకెల దాకా వెళ్లాలి.

మాట ఎంత పని చేయగలదో 2024లో ఒక ఉదాహరణ కనిపించింది. బానిసత్వం నిషిద్ధమని కాలిఫోర్నియా రాజ్యాంగం చెబుతూనే, ఇష్టం లేని చాకిరిని మాత్రం నేరానికి శిక్షగా విధించవచ్చని మినహాయింపు ఇస్తుంది. జైళ్లలో ఖైదీలతో బలవంతంగా పని చేయించడానికి ఆధారం అదే. ఆ మినహాయింపును తీసేయాలని 6వ ప్రొపొజిషన్ ప్రతిపాదించింది. ప్రభుత్వం పంచిన ఓటర్ గైడ్‌లో దానికి వ్యతిరేకంగా వాదన రాసి ఇవ్వడానికి కూడా ఎవరూ ముందుకు రాలేదు. అయినా ఓడిపోయింది. వద్దన్నవారు 53 శాతం పైనే. బ్యాలెట్ మీది ప్రశ్నలో బానిసత్వం అన్న మాట లేదు, ఇష్టం లేని చాకిరికి వాడే పాతకాలపు న్యాయ పదమే ఉంది. పక్కనే ఉన్న నెవాడాలో అదే రోజు ఇలాంటి ప్రతిపాదనే ఓటుకు వచ్చింది. అక్కడి ప్రశ్నలో బానిసత్వం అన్న మాట స్పష్టంగా ఉంది, సుమారు 60 శాతం ఓట్లతో గెలిచింది. ఈ తేడా అంతటికీ ఒక్క మాటే కారణమని తేల్చలేం. నేరాల మీద కాలిఫోర్నియా ఓటర్లు ఆ ఏడాది చాలా కటువుగా ఉన్నారు, దొంగతనాలకు శిక్షలు పెంచే 36వ ప్రొపొజిషన్‌ను 68 శాతం మంది ఆమోదించారు. అయినా తమ ముందున్న ప్రశ్న దేని గురించో అర్థం కాకుండానే ఎంతమంది ఓటు వేసి ఉంటారో అన్న బాధ కలగక మానదు.

ఇంకో చిక్కు ‘అవును’, ‘కాదు’ దగ్గరే ఉంది. రుచులు కలిపిన పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధిస్తూ 2020లో శాసనసభ చట్టం చేసింది. పొగాకు కంపెనీలు సంతకాలు సేకరించి దాన్ని 2022 నవంబరు దాకా ఆపించి, ప్రజల ఓటుకు తెచ్చాయి. సవాలు చేసింది కంపెనీలే కాబట్టి, ‘అవును’ అంటే కంపెనీల వైపు అని చాలామందికి తోచడం సహజం. కానీ అక్కడ ‘అవును’ అంటే చట్టం ఉండాలని, ‘కాదు’ అంటే చట్టం పోవాలని. ఓటర్లు ‘అవును’ అనే తీర్పు ఇచ్చారు గానీ ఆ తికమక మాత్రం చిన్నది కాదు. 2023లో చేసిన ఒక చట్టంతో ఇలాంటి సవాళ్ల దగ్గర ఇకమీదట ‘చట్టాన్ని ఉంచాలి’, ‘చట్టాన్ని రద్దు చేయాలి’ అనే అచ్చు వేస్తారు. మిగతా ప్రశ్నలకు పాత పద్ధతే. వాటిని అర్థం చేసుకోవడానికి మంచి దారి, ముందుగా ‘కాదు’ గెలిస్తే రేపు ఏమవుతుందో తెలుసుకోవడం. సాధారణంగా ‘కాదు’ అంటే ఇప్పుడున్న పద్ధతే కొనసాగడం. కాబట్టి ఇప్పుడున్నది ఏమిటో తెలిస్తేనే మార్పు ఎంతో తెలుస్తుంది. రాష్ట్ర ఓటర్ గైడ్‌లో శాసనసభ విశ్లేషకుల కార్యాలయం రాసే భాగం ఇందుకే ఉంది. ఇప్పటి చట్టం, ప్రతిపాదించిన మార్పు, ఖజానా మీద ప్రభావం, ఈ మూడింటినీ అది ఏ పక్షమూ పట్టకుండా చెబుతుంది. గైడ్‌లో అన్నిటికన్నా విలువైన పేజీలు అవే. స్థానిక మెజర్లకు అలాంటి నిష్పాక్షిక విశ్లేషణను కౌంటీ న్యాయవాదో, నగర న్యాయవాదో రాస్తారు.

తీగ లాగితే డొంకంతా కదిలిన సందర్భం కూడా 2024 బ్యాలెట్ మీదే ఉంది. 33వ ప్రొపొజిషన్ అద్దెల నియంత్రణ మీద స్థానిక ప్రభుత్వాలకు అధికారం పెంచాలని కోరింది. దాని వెనక ఉన్నది ఎయిడ్స్ హెల్త్‌కేర్ ఫౌండేషన్. దాని పక్కనే 34వ ప్రొపొజిషన్. పైకి చూస్తే మందుల మీద వచ్చే ఆదాయాన్ని కొన్ని ఆరోగ్య సంస్థలు రోగుల కోసమే ఖర్చు పెట్టాలన్న నియమం. వినగానే ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది. లోపల చదివితే ఆ నియమం అందరికీ వర్తించదు. పదేళ్లలో రోగుల వైద్యానికి సంబంధం లేని వాటి మీద 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసి, తీవ్రమైన ఉల్లంఘనలు వందల సంఖ్యలో నమోదైన అద్దె ఇళ్లను నడిపిన సంస్థకే వర్తిస్తుంది. ఆ కొలతలకు సరిపోయేది 33ను నిలబెట్టిన ఆ ఫౌండేషనే. 34కు డబ్బు పెట్టింది అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం. అంటే మందుల పేరుతో వచ్చిన ప్రశ్న, అద్దెల తగాదాలో ఒక పక్షం మరో పక్షం చేతులు కట్టేయడానికి తెచ్చిన చట్టం. ఎవరి పక్షాన న్యాయం ఉందన్నది ఓటరు ఇష్టం. ఆ సంస్థ ఖర్చు తీరు సరికాదని నమ్మి ‘అవును’ అన్నవారూ ఉంటారు. కానీ ఈ కథ తెలియకుండా ఆ ప్రశ్నను చదవడం, ముందు వెనకలు తెలియకుండా పంచాయతీలో తీర్పు చెప్పడం లాంటిది. చివరికి 33 ఓడింది, 34 దాదాపు 51 శాతంతో గట్టెక్కింది.

డబ్బు ఎవరిదో తెలుసుకోవడం ఒకప్పటికన్నా ఇప్పుడు సులువు. ప్రకటనల్లో ముఖ్య దాతల పేర్లు చూపించాలని నియమం ఉంది. 2022లో చేసిన చట్టం వల్ల రాష్ట్ర ప్రొపొజిషన్ల ప్రశ్న కిందే సమర్థించేవారు, వ్యతిరేకించేవారు ఎవరో అచ్చవుతోంది. ఆ రెండు వరుసలు చదవడానికి అర నిమిషం చాలు, కొన్నిసార్లు పేజీల వాదనలకన్నా అవే ఎక్కువ చెబుతాయి. 2020లో యాప్ ద్వారా టాక్సీలు, ఆహారం చేరవేసే కంపెనీలు 22వ ప్రొపొజిషన్ కోసం 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాయి, తమ డ్రైవర్లను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా లెక్కించాలని. 58 శాతంతో నెగ్గింది. దాన్ని సవరించాలంటే శాసనసభలో ఎనిమిదింట ఏడు వంతుల మెజారిటీ కావాలన్న షరతు ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఆ షరతు బ్యాలెట్ మీది 75 మాటల్లో చాలామంది కంట పడేది కాదు.

అన్నిటికన్నా ఎక్కువ ఓపిక పెట్టాల్సింది బాండ్ల దగ్గర. బాండ్ అంటే అప్పు. 2024లో 2వ ప్రొపొజిషన్ బడి భవనాల కోసం 1,000 కోట్ల డాలర్ల బాండ్లకు అనుమతి అడిగింది. తీర్చడానికి ఏటా 50 కోట్ల చొప్పున 35 ఏళ్లు పడుతుందని విశ్లేషకులు లెక్క కట్టారు. గుణిస్తే 1,750 కోట్లు. వడ్డీతో కలిపి అసలు ధర అది. భవనం యాభై ఏళ్లు నిలిచేదైతే అప్పు చేసి కట్టడంలో తప్పేమీ లేదు, ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబమూ చేసేది అదే. కానీ ఓటరు వెయ్యి కోట్లకు ఒప్పుకుంటున్నాననుకుని పదిహేడు వందల యాభైకి ఒప్పుకోకూడదు.

రాష్ట్ర బాండ్లను రాష్ట్ర ఖజానా తీరుస్తుంది. స్థానిక స్కూలు బాండ్లను తీర్చేది ఆ ఊరి ఇళ్ల మీది ఆస్తి పన్ను. ఇక్కడే 1978 నాటి 13వ ప్రొపొజిషన్ తెర మీదికి వస్తుంది. హోవర్డ్ జార్విస్ నడిపిన ఆ ఉద్యమం సుమారు 65 శాతం ఓట్లతో గెలిచింది. ఆస్తి పన్ను మదింపు విలువలో (పన్ను కోసం ప్రభుత్వం ఇంటికి కట్టే విలువలో) 1 శాతం దాటకూడదు, ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల పన్ను దీనికి అదనం; ఆ విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు, ఇల్లు చేతులు మారినప్పుడో, కొత్తగా కట్టినప్పుడో మాత్రమే కొత్త ధర ప్రకారం మళ్లీ మదింపు చేయాలి. ఒక వీధిలో అచ్చం ఒకేలాంటి రెండు ఇళ్లున్నాయనుకుందాం. ఒకదాన్ని 1990లో 2 లక్షల డాలర్లకు కొన్నారు. ఏటా 2 శాతం చొప్పున పెరిగినా 2024 నాటికి దాని మదింపు విలువ 3 లక్షల 92 వేలు. పక్క ఇంటిని 2024లో 15 లక్షలకు కొన్నారు. మొదటి ఇంటి మూల పన్ను ఏడాదికి 3,920 డాలర్లు, రెండో ఇంటిది 15,000.

ఇప్పుడు స్కూలు జిల్లా బాండ్ అడుగుతుంది, ప్రతి లక్ష డాలర్ల మదింపు విలువకూ ఏడాదికి 60 డాలర్లని. 55 శాతం ఓటుతో నెగ్గే బాండ్లలో అన్ని తరగతులూ కలిసిన జిల్లాకు ఒక్కో బాండ్ ఎన్నిక మీద ఉన్న గరిష్ఠ పరిమితి అదే. ప్రశ్నలో 60 అన్న అంకె అందరికీ ఒకేలా కనిపిస్తుంది. లెక్క వేస్తే పాత ఇంటివారికి ఏడాదికి 235 డాలర్లు, కొత్త ఇంటివారికి 900. అదే బడికి, అదే వీధి నుంచి. ఫ్రీమాంట్‌లోనో, శాన్ రమోన్‌లోనో, డబ్లిన్‌లోనో ఈ పదేళ్లలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబాలు దాదాపు అన్నీ ఈ రెండో వరుసలోనే ఉంటాయి. ఆ బడుల్లో ఇప్పుడు చదువుతున్నదీ చాలావరకు కొత్తగా కొన్నవారి పిల్లలే. కాబట్టి ఈ లెక్క ‘కాదు’ అనడానికి కారణమని చెప్పలేం. 900 డాలర్లకు ఏ తరగతి గది వస్తుందో చూసుకుని ‘అవును’ అనవచ్చు. సొంత ఇంటి పన్ను నోటీసు పక్కన పెట్టుకుని చేయాల్సిన లెక్క ఇది. మదింపు విలువ ఆ నోటీసు మీదే ఉంటుంది. పార్సిల్ పన్ను దీనికి భిన్నం. చాలాచోట్ల స్థలానికి ఇంత అని ఒకే మొత్తం వేస్తారు కాబట్టి పాత ఇంటికీ కొత్త ఇంటికీ తేడా ఉండదు.

ఎన్ని ఓట్లు కావాలన్నది మరో ముడి. అధికారులు ప్రతిపాదించే ప్రత్యేక పన్నుకు మూడింట రెండు వంతులు, స్కూలు బాండ్లకు 2000లో తెచ్చిన సవరణ వల్ల 55 శాతం, సాధారణ పన్నుకు సగం పైన ఒక్క ఓటు చాలు. ఈ తేడాలే ప్రశ్న రూపాన్ని నిర్ణయిస్తాయి. ప్రత్యేక పన్ను అయితే డబ్బును చెప్పిన పనికే ఖర్చు చేయాలి. సాధారణ పన్ను మామూలు ఖజానాలోకి పోతుంది. 2025 నవంబరులో శాంటా క్లారా కౌంటీ మెజర్ ఎ పేరుతో అయిదేళ్ల పాటు అమ్మకపు పన్నును 0.625 శాతం పెంచమని అడిగింది. ఫెడరల్ ప్రభుత్వం వైద్య నిధుల్లో కోత పెట్టడంతో కౌంటీ ఆసుపత్రులు చిక్కుల్లో పడ్డాయన్నది ప్రచారంలో ప్రధాన వాదన. మెజర్ నెగ్గింది. అయితే అది సాధారణ పన్ను, కాబట్టి ప్రతి డాలరూ ఆసుపత్రులకే వెళ్లాలన్న చట్టబద్ధమైన బంధనం లేదు. మాట ఇచ్చినవారిని నమ్మి వేసే ఓటు అది. అలా నమ్మడం తప్పు కాదు గానీ, నమ్ముతున్నామన్న ఎరుక ఉండాలి. అప్పుడే బడ్జెట్ సమావేశాల్లో ఆ డబ్బు ఎటు పోయిందని అడిగే హక్కు గుర్తుంటుంది.

అభ్యర్థుల విషయానికి వస్తే, స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్, జడ్జి పదవుల ఎన్నికలు అక్కడ పార్టీలకు అతీతం. మన పంచాయతీ ఎన్నికలు కూడా కాగితం మీద పార్టీ రహితమే. కానీ సర్పంచ్ అభ్యర్థి ఎవరో, వాళ్ల నాన్న ఎవరో, బోరు విషయంలో ఎవరి పక్షం పట్టాడో ఊరందరికీ తెలుసు. అక్కడి బ్యాలెట్ మీద పేరు కింద ఉండేది వృత్తిని తెలిపే మూడు మాటలు. చట్టం మూడు మాటలకు మించనివ్వదు. అందుకే ఆ మూడు మాటల కోసం అభ్యర్థులు ఎంతో ఆలోచిస్తారు, కొన్నిసార్లు ప్రత్యర్థులు వాటి మీద కోర్టుకు వెళ్తారు. ఇంజనీరు, తల్లి, చిరు వ్యాపారి వంటివి ఏరికోరి పెట్టుకున్న మాటలు. కౌంటీ గైడ్‌లో 200 మాటల ప్రకటన వేసుకోవచ్చు, కానీ అచ్చు ఖర్చు చాలాచోట్ల అభ్యర్థే భరించాలి. అందుకని ప్రకటన లేని అభ్యర్థిని శ్రద్ధ లేనివాడిగా లెక్కకట్టడం అన్యాయం. డబ్బు లేక వేయించుకోకపోయి ఉండవచ్చు.

మన దగ్గర సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాత శాసనసభ, లోక్‌సభ అభ్యర్థులు కేసులు, ఆస్తులు, చదువు వివరాలతో ప్రమాణపత్రం ఇవ్వాలి. అలా అన్నీ ఒకేచోట దొరికే కాగితం కాలిఫోర్నియా స్థానిక అభ్యర్థి విషయంలో చేతికి రాదు. కానీ వేరే దారులున్నాయి. 100 డాలర్లు, ఆపైన ఇచ్చిన ప్రతి దాత పేరు, వృత్తి, పనిచేసే చోటు ఫారం 460లో ఉంటాయి. సిటీ కౌన్సిల్ అభ్యర్థుల ఆర్థిక ప్రయోజనాలు ఫారం 700లో ఉంటాయి. ఇవి ఎవరైనా అడిగి చూడదగ్గ పత్రాలు. నిర్మాణ కంపెనీల నుంచి ఎక్కువ విరాళాలు తీసుకున్న వ్యక్తి ఇళ్ల అనుమతుల మీద ఎలా ఓటు వేస్తాడో ఊహించడానికి జ్యోతిషం అవసరం లేదు. ఇప్పటికే పదవిలో ఉన్నవారి విషయంలో ఇంకా గట్టి ఆధారం ఉంది: సమావేశాల మినిట్స్, అంటే అక్కడ జరిగినదాని లిఖిత నమోదు. 1953 నాటి బ్రౌన్ చట్టం వల్ల స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలి. ఫలానా బడి మూసివేత మీద, గణితం తరగతుల మార్పు మీద ఎవరు ఎటు ఓటు వేశారో అందులో ఉంటుంది. కరపత్రంలో ఏం చెప్పారో చూసేకన్నా సమావేశంలో చెయ్యి ఎటు ఎత్తారో చూడడం మేలు.

తెలుగు పేరు కనిపించగానే ‘మనవాళ్లే కదా’ అని గుర్తు పెట్టే అలవాటు గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆ అభిమానం అర్థమయ్యేదే. పరాయి నేల మీద మన ఇంటిపేరు బ్యాలెట్ మీద చూస్తే ఎవరి గుండె అయినా ఉప్పొంగుతుంది. కానీ బడి బడ్జెట్ చదవగలిగిన మనిషి, పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఒక ఆలోచన ఉన్న మనిషి పక్క వరుసలో వేరే పేరుతో ఉండవచ్చు. ఆ పోలిక చూశాక కూడా మనవాళ్లకే వేయాలనిపిస్తే అది ఆలోచించి వేసిన ఓటు అవుతుంది.

ఎన్నికల ముందు వారాల్లో తపాలా పెట్టెలో రంగురంగుల అట్టలు పడుతుంటాయి. వాటిలో కొన్ని ‘ఓటర్ గైడ్’ అన్న పేరుతో, ఏదో పెద్ద సంస్థ సిఫార్సులా కనిపిస్తాయి. అలాంటి అట్ట చేతికి వస్తే పేర్ల పక్కన నక్షత్రం గుర్తు కోసం చూడాలి. ఆ నక్షత్రం ఉంటే, ఆ పేరు అక్కడ ఉండడానికి ఆ అభ్యర్థో ఆ మెజర్ ప్రచార కమిటీయో డబ్బు కట్టిందని అర్థం. చట్టం ప్రకారం ఆ సంగతి చిన్న అక్షరాల్లో అచ్చు వేయక తప్పదు. ప్రభుత్వ గైడ్‌లో రాష్ట్ర ముద్ర, విశ్లేషణ, చట్టం పూర్తి పాఠం ఉంటాయి. ఈ అట్టల్లో అవేవీ ఉండవు.

ఇంగ్లీషు అంతగా రాని పెద్దవారికి ఒక ఆసరా ఉంది. శాంటా క్లారా వంటి కౌంటీల్లో బ్యాలెట్‌కు తెలుగు నకలు దొరుకుతుంది. దాని మీద ఓటు వేయడానికి వీల్లేదు, పక్కన పెట్టుకుని చదువుకోవడానికే. అడిగితే ఇంటికి పంపుతారు, పోలింగ్ కేంద్రంలోనూ ఉంచుతారు. పిల్లలు తమకు తోచినట్లు చెప్పే అనువాదం మీద ఆధారపడిన తల్లిదండ్రులకు ఈ సౌకర్యం సంగతి చెప్పడం పెద్ద సాయం. ఇంట్లో భోజనాల బల్ల మీద బ్యాలెట్ పరిచి, రోజుకు రెండు మూడు ప్రశ్నల చొప్పున అందరూ కలిసి చదివితే పది ప్రొపొజిషన్లు వారంలో అయిపోతాయి. మూడు వారాల గడువు ఇంకా మిగిలే ఉంటుంది.

అన్నీ చదివినా ఒకటి రెండు ప్రశ్నలు అంతు చిక్కకపోవచ్చు, జడ్జి అభ్యర్థులిద్దరి మధ్య తేడా కనిపించకపోవచ్చు. అక్కడ ఖాళీ వదిలేయవచ్చు. ఒక గడి నింపనందువల్ల మిగతా బ్యాలెట్ చెల్లకుండా పోదు, నింపినవన్నీ లెక్కలోకి వస్తాయి. కవరుకు తపాలా బిళ్ల అంటించక్కరలేదు. పోలింగ్ రోజులోగా తపాలా ముద్ర పడి, ఆ తర్వాత ఏడు రోజుల్లోగా చేరితే లెక్కిస్తారు, కౌంటీ పెట్టిన డ్రాప్ బాక్సులో వేస్తే ఆ దిగులూ ఉండదు. కవరు వెనక సంతకం మాత్రం మరవకూడదు, అది రికార్డుల్లో ఉన్న సంతకంతో కలవాలి. పాస్‌పోర్టు మీద ఇంగ్లీషులోనూ పాత కాగితాల మీద తెలుగులోనూ సంతకం చేసే అలవాటున్న పెద్దవారు ఓటరుగా నమోదైనప్పుడు ఏది చేశారో గుర్తు చేసుకుని అదే చేయాలి. కలవకపోతే కౌంటీ కార్యాలయం కబురు చేసి, సరిదిద్దుకునే అవకాశం ఇస్తుంది. ఆ ఉత్తరం వస్తే అదే రోజు జవాబు పంపాలి.